ధరణికోట రాళ్లు చదివితే డిగ్రీ!
కళా చరిత్ర పూర్తిచేయాలంటే ఏమేం కావాలి?

అమరావతి స్తూపం చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది పక్కనే ఉన్న ధరణికోటలో ఆగరు. శాతవాహనుల కాలంనాటి ధాన్యకటకం ఇదే. 1962-64 మధ్య కేంద్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వితే పడవలు తిరిగే కాలువ, దాని ఒడ్డున రేవు కట్టడం ఆనవాళ్లు బయటపడ్డాయి. బ్రాహ్మీ లిపిలో శాసనం ఉన్న ధర్మచక్ర స్తంభం దొరికిందీ ఈ ఊళ్లోనే.

'ఈ రాళ్ల గురించి చదివితే డిగ్రీ ఇస్తారా? ఇస్తే ఉద్యోగం వస్తుందా?' ఇంటర్ అయిన ఎవరికైనా వచ్చే సందేహాలివి. మొదటిదానికి జవాబు అవుననే. రెండోదాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఎక్కడ ఉంది?

మన డిగ్రీ కళాశాలల్లో కళా చరిత్ర విడిగా మేజర్‌గా దాదాపు కనిపించదు. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం, శాంతినికేతన్‌లోని కళాభవన్‌లలో నాలుగేళ్ల కోర్సుగా ఉంది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో బీఏలో ఈ సబ్జెక్టు చదవొచ్చు. అంత దూరం వెళ్లలేనివాళ్లకు రెండో దారి ఉంది. ఇక్కడే చరిత్ర మేజర్‌తో డిగ్రీ చేసి, పీజీలో కళా చరిత్రకు మారడం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, దిల్లీ జేఎన్‌యూ, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఇందుకు పేరున్న చోట్లు.

క్రెడిట్ల లెక్క

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 కావాలి. థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల తరగతులు. ప్రాక్టికల్స్‌కైతే 30 గంటలు.

మూడేళ్ల డిగ్రీలో కనీస వాటాలు ఇలా ఉంటాయి:
* మేజర్ సబ్జెక్టు: 60
* మైనర్: 24
* ఇతర విభాగాల సబ్జెక్టులు: 9
* భాషలు: 8
* నైపుణ్య కోర్సులు: 9
* విలువ ఆధారిత కోర్సులు: 6 నుంచి 8
* వేసవి ఇంటర్న్‌షిప్: 2 నుంచి 4

నాలుగో ఏడాది 'ఆనర్స్ విత్ రిసెర్చ్' కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తప్పనిసరి. చివర్లో 12 క్రెడిట్ల పరిశోధన వ్యాసం రాయాలి. మధ్యలో ఆగాల్సి వస్తే కంగారు అక్కర్లేదు. చేరిన రోజు నుంచి ఏడేళ్లలోపు పూర్తిచేయొచ్చు. ఇది యూజీసీ చట్రం మాత్రమే. ఫైన్ ఆర్ట్స్ కోర్సుల్లో స్టూడియో పని ఎక్కువ కాబట్టి వాటాలు మారతాయి. చేరేముందు ఆ విశ్వవిద్యాలయం రెగ్యులేషన్లు తెప్పించుకుని చదవండి.

తరగతిలో అసలు పని

ఇది తేదీలు బట్టీపట్టే చదువు కాదు. ఒక ఉదాహరణ చూడండి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో రెండువైపులా చెక్కిన అమరావతి పలక ఒకటుంది. ఒకవైపు బోధివృక్షం, ఖాళీ ఆసనం. అక్కడ బుద్ధుడి రూపం లేదు. రెండోవైపు తర్వాతి కాలంలో చెక్కిన స్తూపం, అందులో మనిషి రూపంలోనే బుద్ధుడు. ఒకే రాయిని తిప్పి మళ్లీ ఎందుకు చెక్కారు? మధ్యలో ఏం మారింది? రాయి ఎక్కడిది, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఇలాంటి ప్రశ్నలకు చూసిందీ చదివిందీ కలిపి జవాబు రాయడమే పరీక్ష.

అందుకే భారతీయ కళతో పాటు పాశ్చాత్య, ఆసియా కళల చరిత్ర, సౌందర్యశాస్త్రం, మ్యూజియం నిర్వహణ చదవాల్సి ఉంటుంది. స్టడీ టూర్లూ ఉంటాయి.

ఎక్కడ తడబడతారు?

పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లకు మొదటి ఏడాది కష్టమే. రోజుకు రెండు పేజీలు చదివి, సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాసే అలవాటు ఇప్పుడే చేసుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. బ్రాహ్మీ లిపి, ప్రాకృతం పరిచయం ఉంటే మన ప్రాంతం శాసనాల మీద పరిశోధనకు అదే పెద్ద బలం. ఇక ప్రాజెక్టు పని. విషయం ఎంచుకోవడం చివరి సెమిస్టర్ దాకా వాయిదా వేస్తే ఫొటోలకు, అనుమతులకు సమయం చాలదు.

ఉద్యోగం మాటేమిటి?

దాపరికం లేకుండా చెప్పుకుందాం. ఒక్క డిగ్రీతో వచ్చే ఉద్యోగాలు తక్కువ. పీజీ చేశాక మ్యూజియాలు, ఆర్ట్ గ్యాలరీలు, వేలం సంస్థలు, ప్రచురణ సంస్థలు, పర్యాటక రంగం, బోధన వంటి దారులు తెరుచుకుంటాయి. అధ్యాపక ఉద్యోగాలకు యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్స్ కింద కళా చరిత్ర ఉంది.

ఒక్క జాగ్రత్త. పురావస్తు శాఖ పోస్టులకు నోటిఫికేషన్లలో చరిత్ర, పురావస్తు శాస్త్రం లాంటి సబ్జెక్టుల పేర్లు విడివిడిగా ఇస్తారు. మీ పట్టాపై ఉండే పేరు ఆ జాబితాలో లేకపోతే ఎంత బాగా చదివినా దరఖాస్తు దగ్గరే ఆగిపోవచ్చు. తవ్వకాల వైపు వెళ్లాలనుకుంటే పాత నోటిఫికేషన్లు నాలుగు ముందేసుకుని, తర్వాతే పీజీ ఎంచుకోండి.

ఊళ్లోనే మొదలుపెట్టండి

ఈ చదువు మీకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి ఫీజు కట్టక్కర్లేదు. ఒక ఆదివారం అమరావతి మ్యూజియానికి వెళ్లండి. ఒక్క శిల్పం ముందు అరగంట నిలబడి కనిపించిందల్లా రాయండి. డిగ్రీలో ఉన్నవాళ్లు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు తమ ఊరి పాత గుడి, శాసనం, దిబ్బ లాంటివి తీసుకోవచ్చేమో లెక్చరర్‌ను అడగండి.

1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూసినప్పటి నుంచి అమరావతి శిల్పాల గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది బయటి నుంచి వచ్చినవాళ్లే. శిల్పాల్లో చాలా భాగం చెన్నై, లండన్ చేరాయి. వాటిని చెక్కింది మాత్రం పల్నాటి సున్నపురాయిలోనే. ఆ అరగంట మీకు అయిదు నిమిషాల్లా గడిచిపోయిందా? అయితే దరఖాస్తు పెట్టండి. విసుగొచ్చిందా? అదీ మంచిదే, మూడేళ్లు మిగిలాయి.