అలసిన అడుగులకు ఆసరా

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ రెండింటి బరువు ఎంతటిదో చేసినవారికే తెలుస్తుంది. పందిరి విప్పగానే పెళ్ళి ముగిసిందనుకుంటాం. దాంపత్యం ఆరంభమయ్యేది అప్పుడే. ఆ బరువు భగవంతుణ్ణి సైతం విడిచిపెట్టలేదని చెప్పే స్థలపురాణమొకటి ఆత్మకూరు ప్రాంతంలో తరతరాలుగా వినిపిస్తున్నది.

పద్మావతీదేవితో కల్యాణం కోసం శ్రీనివాసుడు కుబేరుని వద్ద ఋణం తీసుకున్న గాథ తెలుగువారందరికీ తెలిసినదే. ఆ తరువాతి కథను పాలమూరు ప్రజలు ఇలా చెప్పుకుంటారు. ఋణం తీర్చే దారి కానరాక స్వామి తిరుమలను వీడి ఉత్తరదిశగా నడిచాడు. కృష్ణాతీరానికి చేరి, జూరాల సమీపంలోని గుండాల వద్ద స్నానమాచరించాడు. కందిన ఆయన పాదాలను చూసి కృష్ణమ్మ పాదుకలు సమర్పించింది. మరికొంత దూరం సాగాక, ఇక ఈ కొండలలో విశ్రమించమని లక్ష్మీదేవి కోరింది. స్వామి ఆమె మాట మన్నించాడు. ఆయన విశ్రమించిన ఆ చోటే అమ్మాపూర్ సమీపాన వెలసిన కురుమూర్తి క్షేత్రం.

ఈ కథను మరొక్కసారి మనసులో తలచుకోండి. అప్పు ఉంది, అలసట ఉంది, దూరప్రయాణం ఉంది. మన ఇళ్ళలో లేనిది ఇందులో ఏముంది? దేవుడే అలసటను దాచుకోలేదు. ఆలి మాట విన్నాడు. అందించిన పాదుకలను కాదనలేదు. గృహస్థులు నేర్చుకోవలసిన పాఠం ఇక్కడే ఉన్నది.

మాట మన్నించడం

కృష్ణ పక్కనే పారుతున్నా, పనికోసం ఊరు విడిచిన కుటుంబాలు పాలమూరులో ఎన్నో. మేస్త్రీ వద్ద ముందుగా తీసుకున్న సొమ్ము తీరేవరకు ముంబయిలోనో, పుణెలోనో, హైదరాబాదులోనో కట్టడాల వద్ద శ్రమించినవారి కథలు ఈ నేలకు కొత్త కావు. భర్త ఒకచోట, భార్య మరొకచోట, పిల్లలు ముసలివారి వద్ద. ఇటువంటి ఎడబాటులో అనురాగం తగ్గకపోయినా మాట తగ్గుతుంది. తగ్గిన మాట స్థానంలో అనుమానం చేరుతుంది. చేసిన అప్పును భర్త దాస్తాడు, పడిన బాధను భార్య దాస్తుంది. ఒకరి మేలు కోరే ఇద్దరూ దాచుకుంటారు. చివరికి ఆ దాపరికమే అడ్డుగోడ అవుతుంది.

కనుక తొలి సహాయం ఇంట్లోనే వెదకాలి. వారానికొక సాయంత్రం దంపతులిద్దరూ కూర్చొని రాబడి, ఖర్చు, అప్పు దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండవవారు తీర్పు చెప్పక ఆలకించాలి. పాత తప్పులను తవ్వకుండా ఆ వారం సంగతితోనే ముగించాలి. దూరాన ఉన్నవారు ఫోనులో డబ్బు సంగతితోపాటు 'తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది' అని అడగడం మరువరాదు. కురుమూర్తిస్వామి ఆభరణాలు ఆత్మకూరులోని బ్యాంకులో భద్రంగా ఉండి, కార్తికమాస బ్రహ్మోత్సవాలలో ఊరేగింపుగా కొండకు తరలివెళతాయి. స్వామి నగలు ఏడాదికొకసారి వెలికి వస్తే చాలు. ఇంట్లో మంచిమాట నిత్యాలంకారం కావాలి.

పాదుకలు అందించేవారు

ఇద్దరి మధ్య మాట సాగనప్పుడు మూడవవారి సాయం అడగడం పరువుతక్కువ పని కాదు. జాతరలో భక్తులు కళ్ళకద్దుకునే స్వామివారి ఉద్దాలు చిన్నవడ్డెమాన్‌లో చర్మకారుల చేతులమీదుగా, నియమనిష్ఠలతో రూపుదిద్దుకుంటాయి. దేవుని నడకకే మరొకరి చేతిపని అవసరమైనప్పుడు, మన సంసారానికి ఆసరా అక్కరలేదనుకోవడం అహంకారమే అవుతుంది.

అయితే ఆ ఆసరా ఎవరిదో వివేకంతో ఎంచుకోవాలి. ఇద్దరి మాటా సమానంగా వినేవారు, విన్నది బయట పెట్టనివారు, ఒక పక్షాన్ని రెచ్చగొట్టనివారు కావాలి. మేనమామ కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, మహిళా సంఘంలోని అనుభవశాలి కావచ్చు. పదిమందికి చెప్పుకుంటే పది సలహాలు వస్తాయి, గాయం మాత్రం అలాగే ఉంటుంది.

బంధువుల వల్ల కాకపోతే చట్టం కల్పించిన మార్గాలున్నాయి. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరూ ఉచిత న్యాయసహాయానికి అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. కుటుంబ న్యాయస్థానాల చట్టం, 1984 సైతం విచారణకు ముందు సయోధ్యకు అవకాశమున్నచోట అందుకు ప్రయత్నించాలని న్యాయస్థానానికి బాధ్యత నిర్దేశించింది. దిగులు, నిద్రలేమి, మద్యపాన వ్యసనం కాపురాన్ని కలచివేస్తుంటే 2022లో ఆరంభమైన టెలీ మానస్ సేవ 14416 ద్వారా మాట్లాడవచ్చు. వ్యసనాన్ని కేవలం చెడునడతగా నిందించి వదిలేస్తే అది తొలగదు. దానికి వైద్యం అవసరం.

సహనానికి హద్దు

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. సర్దుకుపోవడం వేరు, దెబ్బలు భరించడం వేరు. చేయిచేసుకునే చోట, కట్నం కోసం వేధించే చోట 'ఓర్చుకో తల్లీ' అని చెప్పడం ధర్మబోధ అనిపించుకోదు. అటువంటి స్త్రీకి ముందు కావలసింది రక్షణ. రాజీ మాట ఆ తరువాతిది. గృహహింస నుండి మహిళలకు రక్షణ కల్పించే 2005నాటి చట్టం అందుకే వచ్చింది. 181 నంబరు, సఖి కేంద్రాలు ఆమెకు అండగా నిలుస్తాయి. కూతురు కన్నీటితో పుట్టింటి గడప తొక్కినప్పుడు 'నలుగురూ ఏమనుకుంటారో' అన్న ప్రశ్న తల్లిదండ్రుల నోట రాకూడదు. 'అమ్మా, భోంచేశావా' అన్నదే తొలి పలుకు కావాలి.

సప్తపదిలో ఏడవ అడుగు స్నేహం కోసం. ఆ అడుగు వేశాకనే వధూవరులు సఖులవుతారని సంప్రదాయం. స్నేహితులు ఒకరి బరువును మరొకరు మోస్తారు, మోయలేనప్పుడు ఆ సంగతి చెప్పుకుంటారు.

దీపావళి వెళ్ళాక వలసవెళ్ళినవారెందరో కురుమూర్తి జాతరకు సొంతూళ్ళు చేరుకుంటారు. ఈసారి మీరూ జంటగా ఆ మెట్లెక్కితే, మొక్కులు చెల్లించాక కాసేపు పక్కపక్కన కూర్చోండి. 'నీకు ఎక్కడ బరువుగా ఉంది?' అని ఒకరినొకరు అడగండి. సమాధానం పూర్తయ్యేవరకు లేవకండి. అలసిన స్వామి ఒక ఇల్లాలి మాట విని ఆగిన కొండ అది. అక్కడ అడిగిన ప్రశ్న వృథా పోదు.