కట్టు విప్పినా.. కదలని మణికట్టు!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: తడి వాకిట్లో కాలు జారుతుంది. పడబోతూ అరచేయి నేలకు ఆనిస్తారు. మణికట్టు విరుగుతుంది. అరవై దాటిన మహిళల్లో తరచూ కనిపించే గాయమిది. విరిగిన ముక్క చేతి వెనుక వైపునకు జరిగే రకాన్ని 1814లో ఐర్లండ్ వైద్యుడు అబ్రహాం కోలిస్ వివరించారు. నేటికీ వైద్యులు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

జగిత్యాల, కోరుట్లలలో బీడీలు చుట్టే ఇళ్లకు, సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టే ఇళ్లకు మణికట్టు అంటే కూలి డబ్బే. తునికాకు కత్తిరించాలన్నా, పొగాకు పోసి చుట్టి దారం కట్టాలన్నా వేళ్లు, మణికట్టు కలసి కదలాలి. ఎముక అతికినా చేయి బిగుసుకుపోతే ఆ పని సాగదు.

ఎముక సాధారణంగా ఐదారు వారాల్లో అతుక్కుంటుంది. ఈలోగా చేయి బిగుసుకోవడానికి చాలా ఇళ్లలో అయినవారి ప్రేమే కారణమవుతుంది. ‘కదిలించకు’ అంటూ మెడకు జోలె వేసి కూర్చోబెడతారు. పిండికట్టు లోపలి మణికట్టు కదలకూడదు గానీ, బయట ఉన్న వేళ్లు, మోచేయి, భుజం మొదటిరోజు నుంచే కదలాలి. గంటకోసారి పిడికిలి బిగించి విప్పాలి. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కొసలనూ తాకాలి. రోజుకు కొన్నిసార్లు జోలె తీసి చేయి తలపైకి ఎత్తాలి. లేకుంటే మణికట్టుతో పాటు భుజమూ పట్టేస్తుంది. వాపు తగ్గడానికి పడుకున్నప్పుడు చేతిని దిండుపై ఎత్తుగా ఉంచాలి. వేళ్లు నీలిరంగుకు మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతున్నా కట్టు బిగుతైందని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నాటు కట్టుకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

కట్టు విప్పిన నాడు చేయి సన్నబడి, బిరుసుగా కనిపించడం సహజం. గోరువెచ్చని నీటిలో ఉంచి, ముంజేతిని బల్లపై ఆనించి మణికట్టును పైకీ కిందికీ వంచాలి. తర్వాత అరచేతిని ఆకాశం వైపు, నేల వైపు తిప్పాలి. ఈ తిప్పుడు రాకుంటే అన్నం ముద్ద నోటికి అందించడమే కష్టం. పట్టు కోసం మెత్తని స్పాంజిని పిండితే చాలు. బిందెలు ఎప్పుడు మోయవచ్చో వైద్యులను అడగాలి. కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో ఎక్కువగా, ఆపై ఏడాది వరకు నెమ్మదిగా సాగుతుంది. వారాలు గడిచినా చర్మం మెరుస్తూ, తాకితే మంటగా ఉన్నా, బొటనవేలు హఠాత్తుగా పైకి లేవకున్నా జాప్యం చేయరాదు.

శస్త్రచికిత్స అందరికీ అవసరం లేదు. 65 ఏళ్లు దాటినవారిలో చాలామందికి ప్లేటు వేసినా, పిండికట్టుతో సరిపెట్టినా ఏడాది తర్వాత పనితీరులో పెద్ద తేడా ఉండటం లేదని అధ్యయనాలు తేల్చాయి. చర్మం చీల్చుకుని ఎముక బయటపడినా, నరం నొక్కుకున్నా పరిస్థితి వేరు.

ప్రభుత్వ వైద్య కళాశాలలు జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రారంభమయ్యాయి. వాటి అనుబంధ ఆసుపత్రుల్లో ఎముకల వైద్యులను కలిసినప్పుడు వ్యాయామాల సంగతితో పాటు మరొకటీ అడగాలి. చిన్న జారుడుకే మణికట్టు విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండవచ్చు. తర్వాతి వంతు తుంటిది కావచ్చు. డెక్సా పరీక్ష, కాల్షియం, విటమిన్ డి, అవసరమైతే ఎముకను గట్టిపరిచే మందుల గురించి కట్టు విప్పించుకునే రోజే మాట్లాడటం మంచిది.