పలకని పలక

డాబా మీది నీళ్ల ట్యాంకుకూ కింద మోటారుకూ మధ్య వైరు లేకుండా కబురు నడపాలని మా మేనల్లుడికి పుట్టింది బుద్ధి. ట్యాంకు నిండగానే పైనున్న బోర్డు చెప్పాలి, కిందున్న బోర్డు విని మోటారు ఆపాలి. ట్యాంకు పొర్లి పక్కింటి ప్రహరీ తడిసి, వాళ్లు కేకేస్తే తప్ప మోటారు ఆగని ఇల్లు మా అక్కయ్యది. కాబట్టి డబ్బులు సులువుగానే దొరికాయి. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి రెండు ఆర్డుయినో బోర్డులు, బొటనవేలంత రేడియో మాడ్యూళ్లు రెండు తెచ్చాడు. మూడో రోజు రాత్రి ఫోను.

"మావయ్యా, షాపులో చచ్చిన ముక్కలు అంటగట్టారు. ఒక్కటీ పలకడం లేదు."

ఆ పచ్చరంగు పలకల్ని నేను బాగా ఎరుగుదును. ఇవతలి వైపు ఎనిమిది పిన్నులు, అవతలి వైపు రాగితో మెలికలు తిరిగిన యాంటెన్నా, పక్కన వెండిరంగు క్రిస్టల్, మధ్యలో 4 మిల్లీమీటర్ల చదరపు నల్లటి చిప్. దాని పేరు ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01+. పేరు నోరు తిరగదు గానీ, అభిరుచి కొద్దీ ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లలో దీన్ని తిట్టుకోని మనిషి అరుదు.

పుట్టిల్లు నార్వేలోని ట్రోండ్‌హైమ్. అక్కడి సాంకేతిక విద్యాసంస్థలో చదువుకున్నవాళ్లు 1983లో నార్డిక్ వీఎల్‌ఎస్‌ఐ పేరుతో పెట్టిన చిన్న సంస్థే తరవాత నార్డిక్ సెమీకండక్టర్ అయింది. ఈ చిప్ పుట్టడానికి కావలసిన చోటు మాత్రం అమెరికాలో ఏర్పడింది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలను వంటింటి మైక్రోవేవ్ పొయ్యిల వంటి వాటికి వదిలేసి, కబుర్లకు పనికిరాని బీడుగా చూసేవారు. 1985లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ బీడులో లైసెన్సు లేకుండానే కబుర్లు చెప్పుకోవచ్చంది. వైఫై, బ్లూటూత్ అన్నీ ఆ నేలలో మొలిచినవే. మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదన్న నిబంధన 2005 జనవరిలో వచ్చింది. పాట వినే రేడియోకి కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టిన ఇంట్లో పెరిగినవాణ్ణి. ఇంట్లో కూర్చుని ప్రసారం చేస్తుంటే ఇప్పటికీ కాస్త దొంగతనం చేస్తున్నట్టే ఉంటుంది.

నార్డిక్ వాళ్ల దృష్టిలో ఉన్నది మన ట్యాంకు కాదు. వైరు లేని మౌసులు, కీబోర్డులు, ఆటల రిమోట్లు. వాటికి బ్యాటరీ నెలల తరబడి రావాలి. అందుకు వాళ్లు పట్టిన కిటుకు పేరు షాక్‌బర్స్ట్. పక్కనున్న మైక్రోకంట్రోలరు తన నిదానంలో తాను ఒక్కొక్క బైటూ చిప్ సంచిలో వేస్తుంది. గరిష్ఠంగా 32 బైట్లు. సంచి నిండాక రేడియో మేలుకుని సెకనుకు 20 లక్షల బిట్ల వేగంతో ఒక్క ఊపులో అంతా గాలిలోకి వదిలి మళ్లీ పడుకుంటుంది. చిరునామా, తప్పులు పట్టే అంకెలు కలుపుకున్నా ఆ ఊపు సెకనులో 6 వేల వంతు మించదు. పడుకున్నప్పుడు తీసుకునే కరెంటు 900 నానోయాంపులు, పలికేటప్పుడు 11.3 మిల్లీయాంపులు. ఒకటికి పన్నెండు వేల రెట్లు! ఈ తేడాను గుర్తుంచుకోండి, మా అల్లుడి కష్టాల్లో అసలుది దీంట్లోనే ఉంది.

తరవాత దీనికి ఇంకో మంచి అలవాటు నేర్పారు. కబురు అందుకున్న చిప్ ఎవరూ అడక్కుండానే 'అందింది' అని తిరుగు రసీదు పంపుతుంది. రసీదు రాకపోతే పంపిన చిప్ తనంతట తాను మళ్లీ పంపుతుంది, 15 సార్ల దాకా. అప్పటికీ రాకపోతే చేతులెత్తేసి ఆ సంగతి మనకు చెబుతుంది.

ఆదివారం వెళ్లి చూద్దును కదా, బల్ల నిండా రంగురంగుల జంపర్ వైర్లు, సేమ్యా ఆరబోసినట్టు. వాడు గంటల తరబడి ఇటు నుంచి 'హలో' పంపుతున్నాడు, అటు తెర మీద ఏమీ రావడం లేదు. పలకడం లేదంటే ఎవరు ఎవరికి పలకడం లేదు? చిప్‌కి రెండు సంభాషణలుంటాయి. గాలిలో అవతలి చిప్‌తో ఒకటి, వైర్ల మీద తన బోర్డుతో ఒకటి. ఇంట్లోవాళ్లతోనే మాట లేనప్పుడు ఊరివాళ్లతో ఎందుకు మాట్లాడలేదని అడిగి లాభం లేదు కదా. గాలి సంగతి పక్కన పెట్టి వైర్ల మీదికి వచ్చాం.

వైర్ల మీద మాటలకు వాడే పద్ధతి ఎస్‌పీఐ. ఇందులో నాకు నచ్చే సంగతొకటుంది. బోర్డు ఏ ఆజ్ఞ ఇవ్వడానికి నోరు విప్పినా, ఆ మొదటి బైటు లోపలికి వెళ్తుండగానే చిప్ తన క్షేమ సమాచారం ఒక బైటుగా బయటికి పంపుతుంది. కరెంటు ఇచ్చిన కొత్తలో ఆరోగ్యంగా ఉన్న చిప్ చెప్పే బైటు 00001110. మధ్యలోని మూడు ఒకట్లకు అర్థం 'నా పెట్టెలో ఉత్తరాలేవీ లేవు' అని. ఆ ఒక్క బైటు కనిపిస్తే చిప్ బతికే ఉందన్నమాట. అన్నీ సున్నాలో, అన్నీ ఒకట్లో వస్తే మాట్లాడుతున్నది చిప్ కాదు, ఎక్కడా తగలని వైరు.

ఒక బోర్డు మీద 00001110 వచ్చింది. రెండోదాని మీద ఎనిమిది సున్నాలు. అల్లుడు 'చూశారా' అన్నట్టు నా వంక చూశాడు. మాడ్యూళ్లు అటుదిటు మార్చమన్నాను. సున్నాలు మాడ్యూలుతో పాటు రాలేదు, బోర్డుతోనే ఉండిపోయాయి. మొదటి బోర్డు ఆర్డుయినో ఊనో, రెండోది మెగా. ఊనోలో ఎస్‌పీఐ వైర్లు 11, 12, 13 పిన్నుల్లో ఉంటాయి. మెగాలో 50, 51, 52లో. వీడు రెండింటికీ ఒకే బొమ్మ చూసి వైర్లు పెట్టేశాడు. చిప్ చెప్పేదంతా వినేవాళ్లు లేని కిటికీలోంచి చెబుతోంది పాపం.

వైర్లు మార్చాక రెండూ క్షేమమే అన్నాయి గానీ కబురు మాత్రం దాటలేదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ చిప్‌కి రీసెట్ పిన్ను లేదు. ఆర్డుయినోలో ప్రోగ్రాం ఎన్నిసార్లు మార్చినా, కరెంటు పోనంత వరకు చిప్ పాత అమరికలను పట్టుకునే కూర్చుంటుంది. నిన్నటి ఛానెలు, మొన్నటి వేగం అన్నీ లోపల అలాగే. యూఎస్‌బీ వైరు పీకి, పదంకెలు లెక్కపెట్టి మళ్లీ పెట్టమన్నాను. దీనికి వాడు నవ్వాడు. నూట పాతికేళ్ల కిందటి రేడియోల పని ఇంతకన్నా అన్యాయం. కోహెరర్ అని ఒక గాజు గొట్టంలో లోహపు రజను ఉండేది. తరంగం తగలగానే రజను అతుక్కుని కరెంటును పోనిచ్చేది, ఆ తరవాత అలాగే బిగుసుకుపోయేది. ప్రతి సంకేతం తరవాతా చిన్న సుత్తి గొట్టాన్ని 'టంగ్' మని తట్టి రజను విడదీస్తే గానీ తరవాతి సంకేతం వినిపించేది కాదు.

తట్టాం, పలికింది. బల్ల మీద ఇటు 'హలో', అటు 'హలో'.

డాబా మీదికి తీసుకెళ్తే మళ్లీ మౌనం. మధ్యలో రెండు శ్లాబులున్నాయి, ఇనుప చువ్వలతో సహా. అల్లుడు వారం తిరక్కుండా పెద్ద మాడ్యూళ్లు తెచ్చాడు, నల్లటి యాంటెన్నా కొమ్ముతో, పైన అదనపు యాంప్లిఫయరుతో. అవి బల్ల మీద పక్కపక్కన పెట్టినా పలకలేదు! చెవిలో అరిస్తే వినపడనట్టు, ఈ జాతిని మరీ దగ్గర పెడితే అవతలి రిసీవరు ఉక్కిరిబిక్కిరవుతుంది. దూరం జరిపాం, ప్రసార శక్తి తగ్గించాం. అయినా లేదు. క్షేమ సమాచారం మాత్రం బ్రహ్మాండంగా 00001110.

మల్టీమీటరు పెట్టి చూస్తే 3.3 వోల్టులు, కదలకుండా. ఇక్కడే చాలామంది మోసపోతారు, నేనూ మోసపోయినవాణ్ణే. మీటరు సెకనుకు నాలుగైదు సార్లు చూసి సగటు చెబుతుంది. చిప్ పలికేది సెకనులో వేల వంతు కాలం. ఆ కాస్త సమయంలో యాంప్లిఫయరు ఉన్న మాడ్యూలు 100 మిల్లీయాంపుల పైనే గుంజుతుంది. ఊనో 3.3 వోల్టుల పిన్ను ఇస్తానని మాటిచ్చింది 50. సన్నటి జంపర్ వైర్ల గుండా ఆ గుంజుడుకు వోల్టేజి గుటుక్కున పడిపోతుంది, చిప్ సగం మాటలో నోరు మూస్తుంది, మీటరు చూసేలోపు వోల్టేజి తిరిగి లేచి నిలబడుతుంది. మామూలుగా ఉన్నంతసేపూ అన్నీ బాగానే ఉంటాయి, నోరు విప్పినప్పుడే సొమ్మసిల్లుతుంది.

దీనికి మందు మా అల్లుడి ప్రాజెక్టులోనే ఉంది. మున్సిపాలిటీ కొళాయి సన్నగా వచ్చినా ఇంట్లో అందరికీ ఒకేసారి నీళ్లందుతున్నాయంటే డాబా మీద ట్యాంకు ఉంది గనుక. చిప్ ముంగిట అలాంటి ట్యాంకే కెపాసిటరు. 10 మైక్రోఫారడ్ల నుంచి 100 దాకా ఏదైనా, పొడుగు కాలు ప్లస్‌కి, పొట్టి కాలు గ్రౌండ్‌కి, మాడ్యూలు పిన్నులకు ఎంత దగ్గరగా అతికితే అంత మంచిది. దూరంగా బ్రెడ్‌బోర్డు చివర పెడితే ఊరవతల చెరువున్నట్టే. దాంతోపాటు బోర్డు దయ మీద ఆధారపడకుండా విడిగా 3.3 వోల్టుల రెగ్యులేటరు పెట్టాం. పొరపాటున 5 వోల్టులు ఇచ్చేరు సుమా! మాట్లాడే పిన్నులు 5ను ఓర్చుకుంటాయి గానీ, కరెంటు పిన్ను 3.6 దాటితే నిజంగానే చచ్చిపోతుంది.

మళ్లీ మళ్లీ ఎన్నిసార్లు పంపాల్సి వచ్చిందో చెప్పే రిజిస్టరు ఒకటి చిప్‌లో ఉంది. కెపాసిటరుకు ముందు ప్రతి కబురుకూ 15. టంకం ఆరిన తరవాత 0, 0, 1, 0.

ఇక మిగిలింది గాలి. చిప్‌కి 126 ఛానెళ్లు, ఒక్కొక్కటి 1 మెగాహెర్ట్జ్ ఎడంగా. 83 దాటితే మన దేశపు నిబంధన గీత దాటినట్టే, అది చాలా బొమ్మల్లో చెప్పరు. ఆ ఛానెల్లో ఎవరైనా గట్టిగా మాట్లాడుతున్నారా అని చెప్పే బిట్టు కూడా ఒకటుంది. దాన్ని వరసగా అన్ని ఛానెళ్ల మీదా తిప్పితే వీధిలోని వైఫైలన్నీ గుట్టలు గుట్టలుగా తెర మీద లేచాయి. వాటిని తప్పించుకుని 80 పట్టుకున్నాం, వేగాన్ని సెకనుకు రెండున్నర లక్షల బిట్లకు దించాం. నిదానంగా మాట్లాడితే ఈ చిప్ దాదాపు పదహారో వంతు బలమున్న సంకేతాన్నీ వినగలదు. ట్యాంకు నిండిందని చెప్పడానికి తొందరేముంది?

"ఎవడైనా మన ఛానెల్లోకి దూరి దొంగ కబురు పంపితే?" అన్నాడు.

పంపవచ్చు. ఈ చిప్‌లో రహస్య లిపి లేదు. మాటను దాచే పని దాన్ని వాడేవాళ్లకే వదిలేశారు. 2011లో ట్రావిస్ గుడ్‌స్పీడ్ అనే పరిశోధకుడు ఇదే చిప్‌లో చిరునామా పొడవును వాడకూడదన్న అంకెకు తిప్పి, తనది కాని కబుర్లన్నీ వినేలా చేశాడు. 2016లో బాస్టిల్ సంస్థ పరిశోధకులు ఈ కుటుంబపు చిప్‌లున్న మౌసుల, కీబోర్డుల రిసీవర్లకు దూరం నుంచే దొంగ మీటలు నొక్కి చూపించారు. ఇప్పుడు నార్డిక్ కొత్త పరికరాల్లో దీన్ని వాడొద్దనే అంటోంది. దీని మాట అర్థమయ్యే వారసుడు ఎన్‌ఆర్‌ఎఫ్51 మాత్రం బ్లూటూత్ నేర్చుకుని, బీబీసీ మైక్రోబిట్‌లో కూర్చుని బడి పిల్లల చేతుల్లోకి వెళ్లింది. ముసలిది కోఠీలో, దాన్ని చూసి చైనాలో చేసిన ఎస్‌ఐ24ఆర్1 వంటి నకళ్లతో భుజాలు రాసుకుంటూ ఇంకా అమ్ముడుపోతూనే ఉంది.

"దొంగ కబురొస్తే మహా అయితే మోటారు ఆగుతుంది. పక్కింటివాళ్లే పంపుతారేమో, వాళ్లకీ లాభమే" అన్నాను.

సాయంత్రం మోటారు వేశాం. నలభై నిమిషాలకు ఎవరూ ముట్టుకోకుండా రిలే 'టక్' మంది, మోటారు ఆగింది. అల్లుడు ఎగిరి గంతేశాడు. అక్కయ్య వంటింట్లోంచి వచ్చి మోటారు వంక ఒకసారి, మా వంక ఒకసారి చూసి, చెంగు దోపుకుని మెట్లెక్కి, ట్యాంకు మూత తీసి చూసి దిగొచ్చింది.

"ఆ, నిండింది" అంది.