సవాయి వ్యాధి నివారణమున ఎంపిక పరీక్షలు: బీదరు సీమ

బీదరు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాటి పునర్విభజనమున బీదరు మైసూరు రాష్ట్రమునకు, జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు చేరినవి. ఎల్లలు మారినను జనుల రాకపోకలు మారలేదు. హైదరాబాదునుండి పూనాకు పోవు 65వ జాతీయ రహదారి జహీరాబాదు దాటి, బీదరు జిల్లాలోని హుమ్నాబాదు మీదుగా సాగును. లారీలవారు, కూలికై వలసపోవువారు ఈ దారినే నడచుచుందురు. ఇట్టి సరిహద్దు సీమలో సుఖవ్యాధుల నివారణ మొక్క జిల్లావారి పనిగా ముగియునది కాదు.

సుఖవ్యాధులలో సవాయికి ఒక విశేషము కలదు. 16వ శతాబ్దినాటి భావమిశ్రుడు దీనిని ఫిరంగ రోగమనెను. దీనికి కారణమైన సూక్ష్మజీవిని 1905లో షౌడిన్, హోఫ్‌మన్ అను జర్మను పండితులు కనుగొనిరి. వ్యాధి అంటిన సుమారు మూడు వారములకు పుండు పుట్టును. అది సాధారణముగా నొప్పి పెట్టదు. మందు లేకయే కొన్ని వారములలో మానును. పిమ్మట ఒడలిపై దద్దురులు లేచి, అవియు అణగిపోవును. రోగి తాను స్వస్థుడనని తలచును. వ్యాధి మాత్రము రక్తమున నిలిచియుండి, ఏండ్లకు గుండెను, మెదడును, నరములను చెరుపవచ్చును. భార్యకు సోకి ఆమె గర్భవతియైనచో గర్భస్రావమో, మృతశిశు జననమో సంభవింపవచ్చును. బిడ్డ వ్యాధితోనే పుట్టవచ్చును. కావున బాధ కలిగినప్పుడే వైద్యుని చూచెదమనుట ఈ వ్యాధి విషయమున చాలదు. లక్షణములు లేనివారికిని రక్తపరీక్ష జరుగవలెను.

అట్లని జిల్లాలోని జనులందరిని పరీక్షింపవలెనా? ఒక రోగినుండి వ్యాధి ఎందరికి ప్రాకుననునది మూడింటిపై ఆధారపడును: ఒక్కొక్క సంపర్కమున అంటుకొను అవకాశము, సంపర్కముల సంఖ్య, రోగి మందు లేక గడపిన కాలము. తొడుగు వాడుక మొదటిదానిని తగ్గించును. పరీక్ష మూడవదానిని తగ్గించును. ఒక రోగి సగటున ఒకటిన్నర మందికి వ్యాధి నంటించుచున్నాడనుకొందము. అతడు రోగముతో నుండు కాలము సగమైనచో ఆ లెక్క ముప్పాతికకు దిగును. ఒకటికి దిగువైన గొలుసు క్రమముగా తెగిపోవును. ఆరు నెలల కొకమారు పరీక్ష జరిగినచో వ్యాధి అంటిననాటినుండి పరీక్షవరకు సగటున మూడు నెలలు గడచును. మూడు నెలల కొకమారైనచో నెలన్నర మాత్రమే.

లక్షమందిని ఒక్కమారు పరీక్షించుటకు లక్ష పరీక్షలు కావలెను. అపాయ మధికముగాగల వేయిమందిని ఏటికి నాలుగుమార్లు పరీక్షించుటకు నాలుగువేలు చాలును. వ్యాధి అరుదైన జనములో వి.డి.ఆర్.ఎల్. పరీక్ష చూపు ఫలితములలో తప్పుడువి ఎక్కువ పాలుండును. వానిని వేరొక పరీక్షతో నిర్ధారింపవలెను. ఎంపిక పరీక్షల బలమిందే యున్నది.

1992లో ఏర్పడిన జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థ ఈ మార్గమునే అవలంబించినది. పురుషులతో సంపర్కముగల పురుషులను అధిక అపాయ వర్గముగాను, దూరప్రయాణపు లారీ చోదకులను, వలస కూలీలను వ్యాధిని సామాన్య కుటుంబములకు చేర్చు వారధి వర్గముగాను అది గుర్తించినది. అధిక అపాయ వర్గమువారికి ఆరు నెలల కొకమారు సవాయి పరీక్ష జరుగవలెనని దాని నియమము. అమెరికా ఆరోగ్యశాఖ ఇట్టి పురుషులకు ఏటి కొకమారైనను, అపాయ మెక్కువైనచో మూడు మొదలు ఆరు నెలల కొకమారును పరీక్ష సూచించుచున్నది.

పరీక్షతో పని ముగియదు. తొలిదశలో 24 లక్షల యూనిట్ల బెంజతీను పెన్సిలిను సూదిమందు ఒక్కమారు చాలును. ముదిరినచో వారమున కొకటి చొప్పున మూడు కావలెను. సంపర్కముగలవారికిని చికిత్స చేయనిచో వ్యాధి మరల తిరిగివచ్చును. ఒకమారు నయమైనవానికి మరల రాదను నమ్మకము తప్పు. ఈ రోజు జరిగిన పరీక్ష రేపు అంటుకొను వ్యాధిని తెలుపదు. కావుననే మరల మరల పరీక్ష అవసరము.

ఇందులకు పెద్ద ఆటంకము సిగ్గు, భయము. పురుషులమధ్య ఏకాంత సంబంధము నేరము కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినను, సంఘభయము ఒక్క తీర్పుతో పోవునది కాదు. పేరు బయటపడునను శంకయున్నచోట ఎవడును రక్తమీయడు. అందుచేతనే తోటివారిలోనుండి ఎన్నుకొన్న కార్యకర్తలద్వారా పిలుపు, రహస్యము కాపాడు వైద్యుడు, లారీలు నిలుచు వేళలకు తగిన వైద్యశాల కావలయును. జహీరాబాదున పరీక్ష చేయించుకొన్నవాడు హుమ్నాబాదున సూదిమందు పొందుటకు చేతిలో చిన్న చీటియైన నుండవలెను. అందు వ్యాధి పేరు గాక గుర్తుసంఖ్య యున్న చాలును.

ఎంపిక పరీక్ష యనగా కొందరిపై వేలుచూపుట కాదు. అపాయ మెక్కడ నెక్కువయో అక్కడికి సాయము ముందుగా చేర్చుట. అట్టి సాయము సకాలమున అందినచో, పరీక్షకు వచ్చిన పురుషునితోపాటు అతని ఇల్లాలును, ఇంకను పుట్టని బిడ్డయు రక్షింపబడుదురు.