కండ మాట విన్న చెయ్యి

మోచేతికి పైన చెయ్యి తెగిపోయిన మనిషి ఆ చేతిని మడవాలనుకుంటే ఏమవుతుంది? మెదడు నుంచి ఆజ్ఞ మామూలుగానే బయల్దేరుతుంది. మడవడానికి మోచెయ్యి లేకపోయినా, మిగిలిన మొండిలోని కండలు బిగుసుకుంటాయి. బిగిసినప్పుడు వాటిలో కాస్త విద్యుత్తు పుడుతుంది. వోల్టులో వెయ్యో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ మాన్ కృత్రిమ చేతిని నడిపించింది ఈ కాస్తతోనే.

మాన్ 1924లో బ్రూక్లిన్‌లో పుట్టారు. ఎంఐటీలో చదివి, అక్కడే క్షిపణుల లోపల కరెంటు అందించే ఏర్పాట్ల మీద పనిచేశారు. క్షిపణి నుంచి చేతికి రావడం వింతగా ఉంటుంది గానీ, తక్కువ బరువులో ఎక్కువ శక్తి ఇమడ్చడమే రెండుచోట్లా చిక్కు.

మాన్ దారి మళ్లించింది ఒక ప్రమాదం. 1961లో గణితవేత్త నార్బర్ట్ వీనర్ మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. కండల విద్యుత్తుతో యంత్రాన్ని నడపొచ్చని ఆయన ఎప్పటినుంచో అంటున్నారు. ఆసుపత్రిలో ఎముకల డాక్టర్లు దొరికేసరికి ఆ మాటే మళ్లీ ఎత్తారు. వాళ్లలో మెల్విన్ గ్లిమ్చర్‌కు లిబర్టీ మ్యూచువల్ బీమా కంపెనీతో సంబంధం ఉంది. డబ్బు అక్కణ్ణుంచి వచ్చింది, చేతిని తయారుచేసే పని మాన్ చేతికి వచ్చింది. ఫ్యాక్టరీలో చెయ్యి పోయిన కార్మికుడికి పరిహారం కట్టేది బీమా కంపెనీయే కదా, అతను మళ్లీ పనిలోకి వెళ్తే దానికీ లాభమే. తర్వాత స్పీకర్లతో పేరు మోసిన అమర్ బోస్ కూడా ఈ పనిలో చెయ్యి వేశారు.

అంతకుముందు కృత్రిమ చేతుల్ని ఎక్కువగా వీపు మీది పట్టీలతో, తీగలతో నడిపేవారు. మోచెయ్యి మడవాలంటే భుజం కదిలించాలి, అదొక కొత్త విద్య. మాన్ బృందం చేతికి అది అక్కర్లేదు. మొండి ముందువైపు కండ మీద, వెనకవైపు కండ మీద ఎలక్ట్రోడ్లు ఆనుకుని ఉంటాయి. ముందు కండ బిగిస్తే మోచెయ్యి మడుచుకుంటుంది, వెనక కండ బిగిస్తే చాచుకుంటుంది. గట్టిగా బిగిస్తే మోటారు గట్టిగా తిరుగుతుంది. 1968లో లోకానికి చూపించిన దీనికి ‘బోస్టన్ ఆర్మ్’ అని పేరు. అయితే మోటారు ఉన్నది మోచేతికే, వేళ్లకు కాదు. పైగా బ్యాటరీ బరువు మొయ్యాలి.

మాన్ అక్కడితో ఆగలేదు. 1984లో ఆయన బృందం తయారుచేసిన, లోపల సెన్సర్లున్న కృత్రిమ తుంటి కీలును ఒక వృద్ధురాలికి అమర్చారు. అది ఒత్తిడి లెక్కల్ని రేడియో ద్వారా బయటికి పంపేది. నడకలో కన్నా, కుర్చీలోంచి లేచేటప్పుడే కీలు మీద ఎక్కువ ఒత్తిడి పడుతోందని అప్పుడు బయటపడింది.