శుక్లాల ఆపరేషన్ అయ్యాక పేపరు చదవగలమా?

"ఆపరేషన్ కాకముందే నయం బాబూ, అద్దాల్లేకుండా పేపరు చదువుకునీవోడిని." శృంగవరపుకోట చుట్టుపక్కల ఊళ్లలో శుక్లం తీయించుకున్న పెద్దల నోట ఇలాంటి మాట వినిపిస్తుంటుంది. వాళ్ల అనుభవం నిజమే, దాన్ని కొట్టిపారేయకూడదు. కారణం విషయంలోనే పొరపాటు ఉంది. విశాఖ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్, శంకర్ ఫౌండేషన్, విజయనగరం పుష్పగిరి... ఎక్కడికి వెళ్లేవారైనా బస్సెక్కే ముందే ఈ సంగతులు తెలుసుకుంటే మంచిది.

అపోహ: ఆపరేషన్ వల్లే చదివే చూపు పోయింది.

వాస్తవం: నలభై దాటాక కంట్లోని సహజ కటకం గట్టిపడుతూ వస్తుంది. దగ్గరి అక్షరాలకు తగ్గట్టు ఒంపు మార్చుకోలేదు. చత్వారం వచ్చేది అందుకే. తర్వాత కొందరికి శుక్లం కటకం నడిమధ్య నుంచి మొదలవుతుంది. ఆ భాగం చిక్కబడి కాంతిని ఎక్కువగా వంచుతుంది. దాంతో దూరం మసకబారి, దగ్గరివి మాత్రం అద్దాల్లేకుండానే కనబడతాయి. తాతకు చూపు తిరిగొచ్చిందని ఇంట్లోవాళ్లు సంబరపడతారు కానీ, అది శుక్లం ముదురుతోందన్న సూచన. కొన్నాళ్లకు ఆ దగ్గర చూపూ మసకబారుతుంది. ఆపరేషన్‌లో ఆ కటకంతోపాటే అది తెచ్చిపెట్టిన దగ్గర చూపూ పోతుంది.

చిన్నప్పటి నుంచీ మైనస్ అద్దాలు వాడుతూ, చదివేటప్పుడు వాటిని తీసి పక్కన పెట్టే మాస్టార్లకూ ఇదే ఎదురవుతుంది. ఆ అలవాటు గురించి డాక్టరుకు ముందే చెప్పాలి. కోరుకుంటే దగ్గర చూపుకు సరిపోయే పవర్‌తోనే లెన్స్ వేస్తారు. అప్పుడు దూరానికి అద్దాలు కావాలి.

అపోహ: చదవడానికి అద్దాలు రాశారంటే నాసిరకం లెన్స్ వేసినట్టే.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ కప్పు పగిలి, ఆ ముక్కలు కొందరు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నాయి. అవి కంటికి పెద్దగా హాని చేయకపోవడం గమనించిన డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ, 1949లో లండన్‌లో తొలి కృత్రిమ కటకాన్ని కంట్లో అమర్చారు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఎక్కువగా వేస్తున్నది ఒకే దూరానికి పనిచేసే మోనోఫోకల్ లెన్సే. సాధారణంగా దాన్ని దూరపు చూపుకు సరిపెడతారు. పుస్తకం పట్టుకునే 40 సెంటీమీటర్ల దూరానికి దాదాపు ప్లస్ 2.5 అద్దాలు అవసరమవుతాయి. ఇది ముందే తెలిసిన లెక్క.

ఉచిత శిబిరాల్లో వేసేది కూడా చాలావరకు ఈ రకమే. మదురైలోని ఆరోల్యాబ్ 1992 నుంచి దేశంలోనే లెన్సులు తయారుచేయడంతో వాటి ధర సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. వీటిలో మడతపెట్టి చొప్పించే లెన్స్‌కు కోత 3 మిల్లీమీటర్ల లోపు చాలు, గట్టి లెన్స్‌కు 6 మిల్లీమీటర్ల దాకా కావాలి. చదివే చూపులో మాత్రం రెండింటికీ తేడా లేదు. టోరిక్ లెన్స్ సరిచేసేది కార్నియా ఒంపులోని తేడాని, చత్వారాన్ని కాదు.

అపోహ: అప్పు చేసైనా మల్టీఫోకల్ వేయించుకుంటే ఏ చిక్కూ ఉండదు.

వాస్తవం: మల్టీఫోకల్, ట్రైఫోకల్ లెన్సులు కంట్లోకి వచ్చే కాంతిని దూరానికీ దగ్గరకీ పంచుతాయి. చాలామంది అద్దాల్లేకుండా చదవగలరు, నిజమే. కాంతిని పంచినందువల్ల మసక వెలుతురులో స్పష్టత కొంత తగ్గుతుంది, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. చీకటి పడ్డాక అనంతగిరి ఘాట్‌లో అరకు వైపు జీపు నడిపే వ్యక్తికి ఎదురొచ్చే హెడ్‌లైట్ల చుట్టూ ఆ వలయాలు ఎంత ఇబ్బంది పెడతాయో ఆలోచించండి. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి, గ్లాకోమా ముదిరినవారికి ఈ లెన్సులు సాధారణంగా వద్దంటారు.

మధ్యేమార్గాలూ ఉన్నాయి. ఎడాఫ్ లెన్సులు దూరానికీ, కంప్యూటర్ ఉండేంత దూరానికీ బాగుంటాయి. సన్నక్షరాలకు మాత్రం తరచూ అద్దాలు కావాలి. ఒక కంటిని దూరానికి, రెండోదాన్ని దగ్గరకు సరిపెట్టే పద్ధతి మోనోవిజన్. అది కొందరికి అలవాటు కాదు. వీలుంటే కాంటాక్ట్ లెన్స్‌తో ముందుగా సరిచూసుకోవాలి. నన్నడిగితే, లెన్స్ కోసం అప్పుల పాలు కానక్కర్లేదు. రెటీనా ఆరోగ్యంగా ఉంటే, మామూలు లెన్స్‌తోనూ ఓ జత అద్దాలు పెట్టుకుని ఏళ్ల తరబడి హాయిగా చదువుకోవచ్చు.

అపోహ: కొన్నేళ్లకు మళ్లీ మసకబారితే లెన్స్ మార్చాలి.

వాస్తవం: లెన్స్ వెనుక ఉండే సహజమైన పొర కొందరిలో మసకబారుతుంది. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో ఆ పొరలో కాంతికి దారి చేస్తారు. కోత ఉండదు, లెన్స్ కదపరు.

అద్దాల నంబరు గాయం మానాక, దాదాపు నెల తర్వాత పరీక్షించి ఇస్తారు. అంతవరకు రోడ్డు పక్క అద్దాలు కొనకండి. లెన్స్ రకం, పవర్ ఉన్న స్టిక్కరును డిశ్చార్జి కాగితాలతో భద్రపరచండి. రెండో కంటికి ఏ లెన్స్ వేయాలో నిర్ణయించేటప్పుడు డాక్టరుకు అది పనికొస్తుంది.