తూము తలుపు నెత్తు కప్పీ: బలము, సామర్థ్యము

గుడివాడ పల్లపు పొలములపై కురిసిన వాన యైనను, మచిలీపట్నము చుట్టుపట్ల మురుగు కాలువలలోని నీరైనను తుదకు సముద్రము చేరవలసినదే. దివిసీమ కరకట్టల తూములకు తలుపులుండుట యందుకొరకే. పోటు వేళ ఉప్పునీరు లోనికి రాకుండ వానిని దింపుదురు. ఆటు వేళ మురుగునీరు వెడలుటకై ఎత్తుదురు. ఆటు సుమారు ఆరు గంటలు మాత్రమే. అందొక గంట తలుపు బిగిసికొన్నచో, మునిగిన నాట్లు మరల వచ్చు ఆటుకై ఎదురుచూడవలసి వచ్చును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వంటి దానిని ఏ తలుపును ఆపజాలదు. మనము చెప్పుచున్నది వానముంపును గూర్చి.

కదలని తలుపునకు కప్పీ తగిలించిన చాలునని పలువురు తలంతురు. లెక్క వేసి చూతము.

తలుపు వెడల్పు ఒక మీటరు, బరువు 150 కిలోలు అనుకొందము. లోపలి వైపున నీరు మీటరున్నర ఎత్తు నిలిచినది; సముద్రము వైపున నీరు తీసినది. నీటి ఒత్తిడి అడుగున హెచ్చు, పైన సున్న. కావున సగటు గైకొనగా తలుపుపై మొత్తము త్రోపుడు 1,125 కిలోల బరువునకు సమానము. ఈ త్రోపుడు తలుపును గాడికి అదిమిపెట్టును. త్రుప్పు పట్టిన గాడిలో రాపిడి ఇందు పదింట నాలుగు వంతులనుకొన్నచో 450 కిలోలు. తలుపు బరువు కలుపగా 600. అనగా లష్కరు ఎత్తవలసినది తలుపును మాత్రమే కాదు. దానికి మూడింతల రాపిడిని గూడ.

దూలమునకు కట్టిన ఒంటి కప్పీ బలమును తగ్గింపదు, లాగు దిక్కును మాత్రమే మార్చును. నూతి గిలక పని అంతియే. పైగా తలుపు 600, లాగుడు 600 కలిసి దూలముపై 1,200 కిలోలు పడును. పాత దూలములు విరుగుట కిదియొక కారణము. క్రింద నిలబడినవారి ప్రాణములకే ముప్పు.

పైన రెండు, తలుపుతో కదలునవి రెండు కప్పీలున్నచో బరువును నాలుగు త్రాళ్లు పంచుకొనును. 150 కిలోలు లాగిన చాలవలెను; కప్పీల రాపిడితో 200 అనుకొందము. మనిషికి 40 చొప్పున అయిదుగురు చాలుదురు. కాని తలుపు మీటరు లేచుటకు మోకు నాలుగు మీటర్లు లాగవలెను. పని తగ్గలేదు సరికదా, రాపిడి వలన కొంత పెరిగినది: 200ను 4 చే గుణింపగా 800 కిలోగ్రామ్-మీటర్లు.

ఇక కాలము. అశ్వశక్తి యనగా సెకనునకు 75 కిలోలను మీటరెత్తు లేపు సామర్థ్యము. నిలుకడగా పని చేయు మనిషిది అందు సుమారు పదవ వంతు. అయిదుగురికి ఇరువదియొక్క సెకనులు పట్టును; చైన్ కప్పీతో ఒక్కనికి దాదాపు రెండు నిమిషములు, అలుపు తీర్చుకొన్న ఇంకను ఎక్కువ. ఒక అశ్వశక్తి మోటారునకు పదునొకండు సెకనులు. కప్పీ బలమును ఆదా చేయును. కాలమును ఆదా చేయునది సామర్థ్యమే.

తలుపు లేచిన కొలది నీటి త్రోపుడు తగ్గును గనుక, ఈ లెక్క గరిష్ఠము. మొదటి కదలికయే కష్టము.

మా యభిప్రాయమున కప్పీ కొనుటకు ముందు గాడిని చూడవలెను. బురద తీసి, త్రుప్పు గీకి, గ్రీజు పూసినందువలన రాపిడి సగమైనచో ఎత్తవలసినది 600 నుండి 375 కిలోలకు దిగును. వానకాలమునకు ముందే జలవనరుల శాఖవారికి తెలిపి, లష్కరు సమక్షమున ప్రతి తలుపును ఒకసారి ఎత్తి దించి చూచుట మంచిది. దూలమును సైతము అప్పుడే పరీక్షింపవలెను.